విననిది చెప్పనట్టే

మా గరాజు తలుపు గురించి ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ చెప్పుకుంటున్నాను. మీట నొక్కితే తెరుచుకుంటుంది, కాదనను. కానీ తెరుచుకున్నంతసేపూ, మళ్ళీ మూసుకున్నంతసేపూ ఇనప గాడిద ఓండ్రపెట్టినట్టు అరుస్తుంది. అవతలి వీధి కుక్కలు దానికి బదులు పలుకుతాయి. దానికి నూనె పెట్టాలని మా ఆయన నాలుగేళ్ళపాటు గట్టిగా అనుకున్నాడు. నూనె డబ్బా కొన్నాడు కూడా. చేతికందేలా ఉండాలని తలుపు పక్కనే గూట్లో పెట్టాడు. అది ఇప్పటికీ చేతికందేలాగే ఉంది, మూత సీలైనా ఊడలేదు. సరే, ఇప్పుడు శనివారం మధ్యాహ్నం మూడు దాటి నాలుగు నిమిషాలైంది. మూడున్నరలోగా నేనొక తీర్పు రాసి పంపాలి. అది రాయలేక ఈ తలుపు గురించి ఆలోచిస్తున్నాను. రెంటికీ సంబంధం ఉంది. ఉందని గంట కిందటి దాకా నాకూ తెలీదు.

వంటింటి బల్ల మీద రెండు కంప్యూటర్లున్నాయి. నా దాంట్లో డిబేట్ పోటీ మొత్తం నడుస్తోంది. కాన్సస్ నలుమూలల హైస్కూళ్ళ నుంచి ముప్ఫై ఎనిమిది జట్లు, జట్టుకి ఇద్దరేసి పిల్లలు, పంతొమ్మిది గదులు, గదికో జడ్జి. గదులంటే నిజం గదులు కావు, తెర మీద గళ్ళు. ఒకప్పుడు నిజం గదులే. మా ఊరి బళ్ళో, జనవరి చలిలో, బస్సులు దిగిన పిల్లలు వాదనల కాగితాల పెట్టెలు ఈడ్చుకుంటూ వసారాల్లో పరుగులు తీసేవాళ్ళు, ఫలహారశాలలో తల్లులు చిల్లీ అనే కారం మాంసం కూర, తియ్యటి సినమన్ రోల్స్ వడ్డించేవాళ్ళు, ఆ రెంటినీ కలిపి తినడమేమిటని బయటి రాష్ట్రం వాళ్ళు అడిగితే జాలిగా చూసేవాళ్ళం. జబ్బుల ఏడాది పోటీ తెర మీదికెక్కింది. జబ్బు తగ్గినా కిందికి దిగలేదు. శనివారం బడి తెరవక్కర్లేదు, హీటర్లు వెయ్యక్కర్లేదు, బస్సు నడిపేవాణ్ణి వెతకక్కర్లేదు అని స్కూలు బోర్డుకి తెలిసిపోయింది. ఒకసారి రుచి మరిగిన సుఖాన్ని బోర్డులు మర్చిపోవు. ఇప్పుడెవరి వంటింట్లో వాళ్ళు వాదిస్తారు, ఎవరి రొట్టె వాళ్ళు నముల్తారు, చిల్లీ వాసన ఎవరికీ రాదు. ఇవాళ నేను మాత్రం పొద్దున్నే లేచి చిల్లీ వండాను. పెద్ద గిన్నెలో, అరవైమందికి సరిపడా. అలవాటు. పొయ్యి మీద ఉంది. ఎవరు తింటారో తెలీదు.

రెండో కంప్యూటర్ మా ఆయనది. లెస్లీ డ్రైలింగ్. ఆ పేరు ఆడదో మగదో తెలీక జీవితమంతా శ్రీమతి లెస్లీ గారికి ఉత్తరాలొచ్చాయి, మోకాళ్ళ నొప్పులు తగ్గే మేజోళ్ళు కొనమని. ఇరవయ్యారేళ్ళు పిల్లలకి వాదించడం నేర్పాడు. నేను వాదించను. ఎవరు ఏ గదిలో, ఎవరికెదురుగా కూర్చోవాలో లెక్క చూసి కూర్చోబెడతాను. పెళ్ళిలోనూ ఇంచుమించు అదే ఏర్పాటు. సెప్టెంబరు నెలాఖరున, బడిలో, ఫోటోకాపీ యంత్రంలో ఇరుక్కున్న కాగితం లాగుతూ లాగుతూ దాని మీదే ఒరిగిపోయాడు. పిల్లలు ఏ విషయం వాదించినా చివరికి అణుయుద్ధంలో తేలుస్తారు. నీళ్ళ మీద ఖర్చు పెడితే సెనేటులో ఒప్పందం ఆగిపోతుంది, ఒప్పందం ఆగితే రష్యావాళ్ళకి కోపం వస్తుంది, ఆ తర్వాత మనిషి జాతే ఉండదు, ఇదంతా నాలుగు నిమిషాల్లో. అలాంటి అంతాలు ఎన్ని వేలు విని మార్కులేశాడో ఆయన. చివరికి ఆయన వంతుకి వచ్చింది యంత్రం రెండో అరలో ఇరుక్కున్న కాగితం. నేను వెళ్ళేసరికి ఆ యంత్రం ఇంకా ఎర్రదీపం వెలిగించి కాగితం తీసెయ్యమని అడుగుతూనే ఉంది.

మూడు పదకొండు. తెర మీద రెండు మీటలున్నాయి, రెండు జట్ల పేర్లతో. ఒకదాన్ని నొక్కాలి. పైన జడ్జి పేరు ఉంది. అది నా పేరు కాదు.

తప్పు నాదే. ఈ పని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు. కొత్త పోటీ మొదలుపెట్టేటప్పుడు అన్నీ మళ్ళీ టైపు కొట్టడం బద్ధకమై కిందటేడాది పోటీని నకలు తీస్తాం. నియమాలు, గదులు, భోజన విరామం అన్నీ నకలొస్తాయి. జడ్జిల జాబితా కూడా. నవంబరులో నకలు తీశాను. ఆయన పేరు వచ్చి జాబితాలో 'డ' దగ్గర కూర్చుంది. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. పేరు పక్కన ఒక చిన్న గడి ఉంటుంది, టిక్కు తీసేస్తే చాలు, ఆ జడ్జి లేనట్టే. బ్యాంకు, బీమా, కారు కాగితాలు, పత్రికకి చందా, అన్నిచోట్లా ఆ టిక్కు తీస్తూ వచ్చాను. రేపు తీద్దామనుకున్నాను. నూనె డబ్బా ఆయనొక్కడే కొన్నాడనుకోకండి.

నాలుగు రౌండ్లు ఎవరూ ఆ పేరు జోలికి పోలేదు. అయిదో రౌండుకి ఇద్దరు జడ్జిలు తగ్గారు. ఒకాయనింట్లో కరెంటు పోయింది, ఇంకొకావిడ మనవడికి వాంతులు. మనుషులు చాలకపోతే యంత్రం జాబితాలో మిగిలినవాళ్ళని తీసుకుంటుంది, దానికేం తెలుసు పాపం. జతలు ప్రకటించి, నీళ్ళు తాగి వచ్చి చూసేసరికి పద్నాలుగో గదిలో నలుగురు పిల్లలు లెస్లీ డ్రైలింగ్ కోసం ఎదురుచూస్తున్నారు. నా కంప్యూటర్ని కదిపితే పోటీ ఆగుతుందని ఆయనది తెరిచాను. పిల్లలకి క్షమాపణ చెప్పి ఇంకో జడ్జిని వెతుకుదామనే వెళ్ళాను. నాలుగు నెలలైనా అది ఇంకా ఆయన పేరుతోనే లోపలికి వెళ్తుంది. నల్లటి గడి, కింద తెల్లక్షరాల్లో ఆయన పేరు. నేను నోరు తెరిచేలోపు ఒక పిల్ల అడిగింది: "జడ్జి గారూ, మీ పేజీ చదివాం. నెమ్మదిగా మాట్లాడతాం. మీరు సిద్ధమేనా?"

జడ్జిలంతా తమ సంగతి ముందే ఒక పేజీ రాసి పెడతారు, ఏ వాదన నచ్చుతుంది, ఏది నచ్చదు అని. పిల్లలు గదిలోకి రాగానే అది చదివి దానికి తగ్గట్టు మారిపోతారు. మా ఆయన పేజీ ఎవరూ తీసెయ్యలేదు. నా చెవులకి వయసొచ్చింది, ఊపిరాడకుండా చదవకండి, నాకు నవ్వొస్తే అర మార్కు, చెప్పని జవాబు లేదు. చంద్రుడు జున్నుముద్ద అని అవతలివాళ్ళంటే, మీరు కాదనకపోతే, ఆ గంటన్నరసేపూ అది జున్నుముద్దే. మౌనం అర్ధాంగీకారం అంటారు లోకంలో. ఆయన దగ్గర సగం బేరాల్లేవు. మౌనం పూర్తి అంగీకారం.

సిద్ధం అన్నాను. ఒక్క మాట. ఇంకో మాట అనుంటే ఈ గొడవ ఉండేది కాదు.

ఆ పిల్ల పేరు డెలానీ. పడమటి కొసన, ధాన్యం గిడ్డంగీ తప్ప ఏమీ లేని ఊరు. ఇంట్లో ఇంటర్నెట్టు ఆడదని గిడ్డంగి ముందు ట్రక్కులో కూర్చుని వాదించింది, అద్దాల మీద ఆవిరి. జతగాడు వయాట్ పక్క సీట్లో ఫోను అద్దానికానించి దీపం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, సిగ్నలు కోసం, గంటన్నరా చెయ్యి మార్చి మార్చి. ఈ ఏడాది వాదన నీళ్ళ గురించి. వాళ్ళ తాత బావిలో ఎనభై అడుగులకి పడిన నీళ్ళు ఇప్పుడు రెండొందల అడుగులకి పోయాయని, భూమి అడుగు నీళ్ళు తోడడానికి వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం హద్దు పెట్టాలని ఆ పిల్ల వాదన. అవతలి జట్టు తూర్పున పెద్ద ఊరిది. గ్రేడన్ అనే కుర్రాడు టై కట్టుకుని, వెనకాల పుస్తకాల అరతో, చిన్న లాయరులా ఉన్నాడు. మధ్యలో నీళ్ళ సీసా కోసం లేచాడు, కింద గళ్ళ పైజమా. మనం పై సగానికే ఇస్త్రీ చేసుకునే జనం అయిపోయాం. నలుగురూ నెమ్మదిగా మాట్లాడారు. మామూలుగా ఈ పిల్లలు వేలంపాటగాడు కూడా నోరెళ్ళబెట్టేంత వేగంగా చదువుతారు. ఇవాళ ఒక్కో మాటా విడమరిచి, జడ్జి గారూ, జడ్జి గారూ అంటూ. గ్రేడన్ ఎండిపోయిన బావి మీద ఒక జోకు కూడా వేశాడు, అర మార్కు కోసం. ఆయనతో అంత ఓపికగా, అంత మర్యాదగా ఈ మధ్య ఎవరూ మాట్లాడి ఉండరు. నన్ను కూడా కలిపే అంటున్నాను.

ఆయన పసుపు కాగితాల పుస్తకం తీసి ఆయనలాగే గళ్ళు గీశాను. ఒక నిలువు గడిలో వాళ్ళ మాట, పక్క గడిలో వీళ్ళ జవాబు, మధ్య బాణం. జవాబు లేకపోతే గడి ఖాళీ. నల్ల పెన్నొకరికి, ఎర్ర పెన్నొకరికి. ఇలాంటి కాగితాలు మా పెళ్ళిలో మొదటి ఏడాదే చూశాను. వాళ్ళమ్మ ఇచ్చిన సోఫా గురించి పోట్లాడుకుంటుంటే ఆయన మధ్యలో ఆగి కాగితం తీసి గళ్ళు గీశాడు. కొట్టాలనిపించింది. చివర్న కళ్ళజోడు సర్దుకుని, నువ్వు నాలుగు కారణాలన్నావు, నేను మూడిటికే జవాబు చెప్పాను, నాలుగోది నీదే, అన్నాడు. మర్నాడు సోఫా పోయింది. ఇరవయ్యారేళ్ళు అంతే. జవాబు చెప్పలేనిది ఒప్పుకునేవాడు, ఒప్పుకున్నది చేసేవాడు. గరాజు తలుపు తప్ప. ఆ గళ్ళు చూసి నవ్వేదాన్ని, చుట్టాలతో చెప్పి నవ్వించేదాన్ని. ఇంత నిజాయితీ మనిషితో కాపురం చేస్తే వచ్చే చిక్కేమిటో అప్పుడు తెలీలేదు. అతను జవాబు చెప్పకుండా పోతే మనకి వేరే అర్థం చెప్పుకోవడానికి ఇంక ఏ సందూ ఉండదు.

మూడు పదిహేడు. ఇందాక వాదన చివర్లో జరిగింది చెబుతాను. డెలానీ తన ఆఖరి ప్రసంగానికి ముందుదాంట్లో ఉంది. గ్రేడన్ జట్టు వేసిన అభ్యంతరాల్లో మూడోది, ఈ పని వాషింగ్టన్ ఎందుకు, రాష్ట్రాలే చేసుకోగలవు కదా అని. ఒకటోదానికి ఆ పిల్ల జవాబు చెప్పింది, బాగా చెప్పింది. రెండోదానికి చెప్పింది. "మూడోది," అంది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, ఒక చెయ్యి గాలిలో ఉంది, వెనకాల అద్దం మీద ఆవిరి. ఇరవై, ఇరవై అయిదు సెకన్లు. తిరిగి కదిలేసరికి, "అందుకే నాలుగోది కూడా నిలబడదు," అంటోంది. నా కాగితం మీద మూడో గడి ఖాళీ. తను ఆగిపోయిన సంగతి ఆ పిల్లకి తెలీదు. ఆగినవాళ్ళకి తెలీదు, అదే ఇందులో దారుణం.

గ్రేడన్ లేచి, పైజమా కనపడకుండా లేచి, చాలా మర్యాదగా, మా మూడో అభ్యంతరానికి వాళ్ళు జవాబు చెప్పలేదు, మీ మాటల్లోనే చెప్పని జవాబు లేదు, జడ్జి గారూ, మేం గెలిచాం, అన్నాడు. అబద్ధమాడలేదు వాడు, వాడికీ వినపడలేదు. డెలానీ ముఖం అప్పుడు మారింది. "చెప్పాను," అంది. "నేను చెప్పాను. ఒట్టు, చెప్పాను. వయాట్, చెప్పాను కదా?" వయాట్ ఫోను పట్టుకునే తలూపాడు. జతగాడి సాక్ష్యం చెల్లదు. చివరి ప్రసంగంలో కొత్త జవాబూ చెల్లదు. మిగతాదంతా ఆ పిల్లదే పై చెయ్యి, నేనైతే కళ్ళు మూసుకుని దానికే ఇస్తాను. గెలిచినవాళ్ళు చివరి ఎనిమిది జట్లలోకి వెళ్తారు, ఓడినవాళ్ళు ఇంటికి, అంటే ట్రక్కు నడుపుకుంటూ ఇంటికి. ఇద్దరూ పన్నెండో తరగతి. మళ్ళీ ఏడాది లేదు.

దీనికి నియమం ఉంది. ఏడో నియమం. విననిది చెప్పనట్టే, వినపడుతున్నానా అని అడిగి తెలుసుకునే బాధ్యత మాట్లాడేవాళ్ళదే. తెర మీద పెట్టిన మొదటి ఏడాది, ఇదే బల్ల దగ్గర, ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ఇది కసాయి నియమం అన్నాను. లేకపోతే ప్రతివాడూ నేను చెప్పాను, మీకే వినపడలేదు అంటాడు, అప్పుడేం చేస్తావ్ గ్లెండా, అన్నాడు. టైపు చేసేశాను.

ఇక ఆయన పోయిన ఆ సెప్టెంబరు పొద్దు. పెద్ద పోట్లాట కూడా కాదు. వంటింటి కర్టెన్లు మార్చి మూడు వారాలైంది, పచ్చవి తీసి నీలివి పెట్టాను, ఆయన రోజూ వాటి ఎదురుగానే కూర్చుని పిల్లల కాగితాలు దిద్దుకున్నాడు. ఆ పొద్దున అడిగాను, ఈ గదిలో ఏం మారిందో చెప్పు అని. ఆయన చుట్టూ చూసి, గడియారమా, అన్నాడు. నవ్వి ఊరుకోవలసింది. కాఫీ ఫ్లాస్కు మూత బిగిస్తూ గరాజులోకి వెళ్తుంటే వెనకాలే వెళ్ళి, గుమ్మంలో నిలబడి అన్నాను: "నేనీ ఇంట్లో ఉన్నా లేకపోయినా నీకొకటే."

అప్పటికే ఆయన కార్లో కూర్చుని మీట నొక్కాడు. తలుపు మొదలెట్టింది. ఆ ఓండ్రలో ఆయన నా వైపు తిరిగాడు. అద్దం ఎత్తి ఉంది. పెదాలు కదిలాయి. కదిలాయనే అనుకుంటున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒక్కోసారి పొడుగ్గా కదులుతాయి, ఒక్కోసారి రెండే మాటలు. ఆయనకి దారిపొడుగునా తనలో తను వాదించుకునే అలవాటుంది, అదే మొదలెట్టాడేమో. వెనక అద్దంలో చూసుకుంటూ పళ్ళలో ఇరుక్కున్నదేదో తీసుకున్నాడేమో. కారు వెనక్కి వెళ్ళింది, తలుపు అరుస్తూ దిగింది, నా గడి ఖాళీగా ఉండిపోయింది. సాయంత్రం అడుగుదామనుకున్నాను. సాయంత్రానికి ఆసుపత్రివాళ్ళు నా చేతిలో ప్లాస్టిక్ సంచీ పెట్టారు, కళ్ళజోడు, తాళాలు, ఫ్లాస్కు. కాఫీ సగం ఉంది. ఇంకా వెచ్చగా ఉంది, మంచి ఫ్లాస్కు.

అక్టోబరులో ఇర్మాని పిలిచాను. పక్క ఊరి బళ్ళో డిబేట్ నేర్పుతుంది, మా ఇద్దరికీ పాత స్నేహితురాలు. కార్లో కూర్చోబెట్టి అద్దాలెత్తించి, తలుపు మొదలుపెట్టి, నేను గుమ్మంలో నిలబడ్డాను, ఏదో ఒకటి చెప్పవే అని. పెదాలు కదిలాయి. ఒక్క ముక్క వినపడలేదు. ఏమన్నావే అంటే, "నువ్వు అన్నం తిని ఎన్నాళ్ళయిందే అన్నాను, రెండుసార్లన్నాను," అంది. మళ్ళీ చేయించాను. అరిచి చెప్పమన్నాను. నాలుగోసారికి పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. అందుకే ఆ తలుపుకి నూనె పెట్టను. సాక్ష్యం అది. అంత మోతలో మనిషి ఏమన్నా వినపడదు, అంటే ఏదో ఒకటి అని ఉండొచ్చు, అనడానికి అదొక్కటే ఆధారం నా దగ్గర.

ఇప్పుడు చిక్కు చూడండి. మూడు ఇరవై మూడు. ఈ తీర్పు లెస్లీ డ్రైలింగ్‌ది. పిల్లలు ఆయన పేజీ చదివి, ఆయన కోసం నెమ్మదిగా మాట్లాడి, ఆయన మాట నమ్ముకుని వాదించారు. ఆయనైతే కళ్ళజోడు సర్దుకుని, బాధపడుతూనే, ఖాళీ గడి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి గ్రేడన్‌కి ఇచ్చేవాడు. అది న్యాయం, దానికి వంక పెట్టలేను. కానీ ఈ చేత్తో ఆ మీట నొక్కితే నేను ఏడో నియమం మీద సంతకం పెట్టినట్టు. విననిది చెప్పనట్టే. అలాగైతే ఆ పొద్దున ఆయన జవాబు చెప్పలేదు, చెప్పలేదు కనక ఒప్పుకున్నాడు, నేనున్నా లేకపోయినా ఆయనకొకటే. ఇరవయ్యారేళ్ళ కాపురానికి అదీ తీర్పు. పోనీ సగం ఒప్పుకున్నాడన్నా సర్దుకుపోదును, అర్ధాంగిని, నాకు సగం అలవాటే. ఆ సగమే లేదు ఆయన పద్ధతిలో. అలా కాక డెలానీకి ఇచ్చాననుకోండి. చెప్పింది, దారిలో పోయింది, తప్పు తనది కాదు అని. అప్పుడు పైజమా కుర్రాడు నమ్ముకున్న మాటని, మా ఆయన పేరు కిందే, నేను అబద్ధం చేసినట్టు. ఆయన బతికుండగా ఒక్క తీర్పూ అబద్ధం రాయలేదు. పోయాక, నా మనశ్శాంతి కోసం, ఆయనతో ఒకటి రాయించనా?

పద్నాలుగో గదిలో పిల్లలింకా కూర్చునే ఉన్నారు. తీర్పు చెప్పేదాకా కదలకూడదని వాళ్ళకి నేర్పింది మేమే. మైకులు ఆపేశారు. గ్రేడన్ టై వదులు చేసుకుని అరటిపండు తింటున్నాడు. ట్రక్కులో వయాట్ ఇంకా ఫోను పట్టుకునే ఉన్నాడు. డెలానీ నా నల్లగడికేసి చూస్తూ పెదాలు కదుపుతోంది, మూడో జవాబే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటోందనుకుంటాను. నాకు వినపడదు.

ఇర్మా ఫోను చేసింది. ఇవాళ లెక్కల్లో నాకు తోడుగా వాళ్ళింటి నుంచి చూస్తోంది. "ఏమే, అన్ని తీర్పులూ వచ్చేశాయి. లెస్లీదొక్కటే రావాలి," అంది. ఆ పేరు జాబితాలో ఎలా ఉందని అడగలేదు, ఎవరు రాస్తున్నారనీ అడగలేదు. పైగా, "తొందరేం లేదులే, ఆయనెప్పుడూ ఆఖర్నే కదా ఇచ్చేది," అంది. నేనేమీ అనలేదు. ఒప్పుకున్నట్టే.

ఇంకా నాలుగు నిమిషాలుంది. చిల్లీ అడుగంటుతున్న వాసన వస్తోంది, నీలి కర్టెన్లకి ఆ వాసన పడితే ఓ పట్టాన పోదు. మీరు చదువుకున్నవాళ్ళు, కాపురాలు చేసినవాళ్ళు, గరాజు తలుపులున్నవాళ్ళు. అటు నొక్కనా, ఇటు నొక్కనా? మాట దారిలో పోతే చెప్పినట్టా, చెప్పనట్టా? మీ ఇంట్లో ఎవరైనా అలా పెదాలు కదిపి వెళ్ళిపోతే మీరు ఆ గడిలో ఏం రాసుకున్నారు? దయచేసి ఎవరో ఒకరు చెప్పండి. కాకపోతే ఒక్క మనవి. చెప్పే ముందు, వినపడుతున్నానా అని ఒకసారి అడగండి. నేను అవునన్నాక చెప్పండి.